ఒడ్డు మాటల మేడం

ఆమె పోయిన రోజు మా అమ్మాయి సౌమ్య ఫోన్ స్టేటస్‌లో ఆమె ఫొటో పెట్టింది. కింద "మా మేడం" అని రాసి, పక్కన వరసగా ఏడుపు ముఖాలు. నా పుట్టినరోజుకు పెట్టింది కేకు ఫొటో. అందులో నాది చెయ్యి మాత్రం కనిపిస్తుంది, చాకు పట్టుకుని.

పోయిన మనిషి మీద కుళ్లుకోకూడదని నాకూ తెలుసు. కానీ ఏళ్ల తరబడి ఒకే స్టాఫ్‌రూంలో ఎదురెదురుగా కూర్చుని, ఒకే సబ్జెక్టు చెప్పి, ఒకే టీ కెటిల్‌లోంచి టీ వంచుకున్న మనిషి మీద పెంచుకున్న కుళ్లు ఆ మనిషితో పాటే పోతుందా? నాకైతే పోలేదు. నిన్నటి దాకా ఎంత ఉందో ఇవాళ్టికీ అంతే ఉంది. ఇంకాస్త పెరిగిందేమో కూడా.

మాది హనుమకొండలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీ. ఇద్దరం ఇంగ్లీషు లెక్చరర్లం. నేను ఫస్టియర్‌కు చెబుతాను, ఆమె సెకండియర్‌కు చెప్పేది. ఎం.ఏ.లో నా మార్కులు ఆమె మార్కుల కంటే ఎక్కువ. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. నా క్లాసులో పాఠం సిలబస్ ప్రకారం నడుస్తుంది, ఒక్క పిల్ల కూడా ఫెయిల్ కాదు. ఆమె క్లాసులో పాఠం ఎటు పోతుందో ఆమెకే తెలిసేది కాదు, అయినా అక్కడా ఒక్క పిల్ల కూడా ఫెయిలయ్యేది కాదు. నాకు కడుపుమంట ఎందుకో ఇక వేరే చెప్పాలా?

పొట్టి మనిషి. కొంగు తిప్పి నడుములో దోపుకుని, చీపురు పట్టుకోవడానికి వచ్చినట్టు క్లాసుకు వచ్చేది. కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. స్టాఫ్‌రూంలో కిటికీ గట్టు మీద ఎక్కి కూర్చుని, స్టీలు డబ్బాలోంచి వేయించిన పల్లీలు తీసి, పొట్టు నలిచి, ఉఫ్‌మని కిటికీ బయటికి ఊదేది. ఆ పొట్టు సగం తిరిగొచ్చి నా పేపర్ల మీద పడేది. "సారీ మేడం" అనేది. మళ్లీ ఊదేది.

క్లాసులోకి పోగానే ఆమె చేసే మొదటి పని, బోర్డు మీద కుడి మూల ఒక ఇంగ్లీషు మాట రాయడం. రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని పిల్లల వైపు తిరిగేది.

"దీని తల్లిగారిల్లు ఏడ?"

కొత్త బ్యాచ్ పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. అప్పుడు చెప్పేది: "ప్రతి మాట ఏడనో పుట్టి, ఇంకేడనో కాపురం చేస్తాంది బిడ్డా, మీ అమ్మ లెక్కనే. అత్తగారింట్ల అది ఏం పని చేస్తాందో మీకు ఎరికే. తల్లిగారింట్ల ఉన్నప్పుడు ఎట్లుండెనో అడగాలె గద."

నేను పక్క క్లాసులో ఉండి ఇదంతా వినేదాన్ని. మధ్యలో ఉన్నది ఒక్క ఇటుక గోడ. ఆమె గొంతు బొంగురు, గోడలోంచి దూసుకొచ్చేది. నా పిల్లలు పుస్తకం వైపు చూస్తూ చెవులు అటు వేసేవాళ్లు. నేనూ వేసేదాన్ని, వాళ్లకు తెలియకుండా.

ఆమె రాసే మాటల్లో ఎక్కువ భాగం సముద్రపు ఒడ్డు మాటలే. మొదటి రోజు మాట ప్రతి ఏడూ ఒకటే, కోస్ట్. "దీని తల్లిగారిల్లు లాటిన్. ఆడ దీని పేరు కోస్టా. కోస్టా అంటే పక్కటెముక." అంటూ అరచెయ్యి పక్కటెముకల మీద పెట్టుకునేది. "భూమి ఒత్తిగిలి పండుకుంటే ఇగో, ఈడ నీళ్లు తగులుతయ్. పక్క కాబట్టి కోస్ట్." పిల్లలంతా తమ పక్కటెముకలు తడుముకునేవాళ్లు. ఇక ఆ పిల్లలు బతికినన్నాళ్లు ఆ మాట మరచిపోరు. ఇప్పటికీ హనుమకొండ చౌరస్తాలో ఎవరైనా ఆడమనిషి కోస్ట్ అంటూ చెయ్యి పక్కకు పోనిస్తే, ఆమె మా కాలేజీలో చదివిందని కళ్లు మూసుకుని చెప్పవచ్చు.

మా కాలేజీలోనే చేరిన సౌమ్య సెకండియర్‌కు వచ్చిన వారంలోనే ఈ జబ్బు మా ఇంటికీ అంటుకుంది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఏదో చదువుకుంటూ ఎడమ చెయ్యి పక్కలో పెట్టుకుంది.

"కడుపు నొస్తాందా బిడ్డా?" అన్నాను.

"లేదమ్మా, కోస్ట్," అంది.

అక్కడ మొదలైంది నాకు నొప్పి.

ఒకసారి ఆమెను అడిగాను కూడా. "వరంగల్‌ల కూసోని ఒడ్డు మాటలెందుకు మేడం? మిర్చి యార్డు మాటలు చెప్పుండ్రి, పిల్లలకు అక్కరకొస్తయ్." ఎత్తిపొడుపుగానే అన్నాను. ఆమె దాన్ని ప్రశ్న అనుకుంది.

"ఇంగ్లీషోళ్లకు చుట్టూ ఒడ్డే గద మేడం. ఎటు నడిచినా ఆడికే పోయి ఆగుతరు. వాళ్ల మాటలన్నీ ఆడనే పడి ఉన్నయ్, ఏరుకునుడే," అని, పిడికెడు పల్లీలు నా చేతిలో పోసింది. ఎత్తిపొడిచిన చేత్తోనే పల్లీలు తిన్నాను. బాగా వేగాయి కూడా.

మేడారం జాతర ఏడు కాలేజీ సగం ఖాళీ అయ్యేది. నాలుగు రోజులకు పోయిన పిల్లలు వారానికి తిరిగొచ్చేవాళ్లు. నేను హాజరు పట్టీ తెరిచి ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగేదాన్ని. ఆమె గుమ్మంలో ఎదురొచ్చి, "అరైవ్ అయినవా?" అనేది. అరైవ్ అంటే మొదట ఒడ్డుకు చేరడమేనట, ఓడ దిగి నేల మీద కాలు పెట్టడం. "బస్సు దిగుడు కాదు బిడ్డా. జంపన్నవాగుల మునిగి, అవతలి ఒడ్డెక్కి, అమ్మల గద్దెల దిక్కు మొదటి అడుగేస్తవు చూడు, గది అరైవ్." పిల్లలు కొంగున ముడేసుకొచ్చిన బెల్లం ప్రసాదం ఆమె చేతిలో పెట్టేవాళ్లు. నా బల్ల మీదా పెట్టేవాళ్లు, కాదనను. ఆమె చేతిలో పెట్టాక మిగిలింది.

ఇంకో ఏడు ఒక పిల్లకు ఎంసెట్‌లో సీటు రాలేదని కాలేజీకొచ్చి ఒకటే ఏడుపు. నేను అరగంట సేపు పక్కన కూర్చుని ఓదార్చాను, నీళ్లు తాగించాను, ఇంకా ఏ ఏ కోర్సులున్నాయో వివరంగా చెప్పాను. చివర్లో ఆమె వచ్చి, ఆపర్చునిటీ అనే మాట తల్లిగారింట్లో ఏమిటో చెప్పింది. ఓడను రేవు దిక్కు నూకే గాలట. "గాలి ఇయ్యాల రాలే. రేపు రాదని ఎవడన్నడు?" అంది. అంతే, పల్లీల డబ్బా మూసుకుని పోయింది. ఆ పిల్ల ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉంది. మొన్నామధ్య కనిపించి, "మేడం చెప్పిన గాలి మాట ఇప్పటికీ యాదికుంది మేడం," అని నాతోనే అంది. నేను తాగించిన నీళ్లు యాదికి లేవు.

సరే, ఆమె చెప్పేవన్నీ నిజమేనా అని సౌమ్య సెకండియర్‌లో ఉండగా దసరా సెలవుల్లో నేను లావుపాటి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. తప్పు దొరకాలని దేవుడికి మొక్కుకున్న మాట కూడా వాస్తవం. దొరికింది. షోర్ అంటే సముద్రం భూమిని కోసిన చోటు, కోతకు సంబంధించిన మాట నుంచి వచ్చింది అని ఆమె పిల్లలకు ఖాయంగా చెప్పింది. నిఘంటువులో పక్కన 'బహుశా' అని ఉంది. కాలేజీ తెరవగానే, స్టాఫ్‌రూం నిండా జనం ఉన్నప్పుడు చూసి, "మేడం, షోర్ సంగతి మీరు చెప్పినంత ఖాయం కాదట," అన్నాను.

ఆమె కిటికీ గట్టు దిగొచ్చి నా భుజం మీద నుంచి పేజీ చదివింది. "నిజమే," అంది. ముఖం ఏమాత్రం మారలేదు. ఆ రోజు గోడ అవతలి నుంచి వినిపించింది: "నేను షోర్ గురించి చెప్పింది ఖాయం కాదు బిడ్డా, బహుశా అని రాసుకోండ్రి. పక్క క్లాసు మేడం సెలవులల్ల కూసోని దేవులాడి దొరకబట్టింది. చదువుడంటే అట్ల చదవాలె."

సాయంత్రం సౌమ్య ఇంటికొచ్చి మెరిసే కళ్లతో, "అమ్మా, మేడం నిన్ను ఎంత మెచ్చుకున్నదో తెలుసా!" అంది. నేను ఆమె తప్పు పట్టుకుంటే పేరు ఆమెకే వచ్చింది. నాకు ఆమె మెచ్చుకోలు మిగిలింది.

మా ఇంట్లో మేడం అంటే ఆమే. నేనూ మేడంనే కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్నూ వందమంది మేడం అంటారు. కానీ సౌమ్య ఇంటికొచ్చి "మేడం ఇట్లన్నది, మేడం అట్లన్నది" అంటే, ఏ మేడం అని అడగాల్సిన పనే ఉండేది కాదు. మా ఆయనతో మొత్తుకుంటే, "నీకేం ఫికర్? పిల్లకు మార్కులొస్తానయ్ గద," అన్నారు. మార్కుల గురించి ఎవరు మాట్లాడారు?

స్టాఫ్‌రూంలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుతుండగా జువాలజీ సారు నవ్వుతూ, "మీరిద్దరు రైవల్స్ గద మేడం," అన్నారు. నేను కూరలో తాలింపు మిరపకాయ వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఆమె మాత్రం ఆ మాట పట్టుకుంది.

"సార్, రైవల్ తల్లిగారిల్లు ఏడనో ఎరికేనా? వాగు. ఒకటే వాగు నీళ్లు రెండు దిక్కులకు పారిచ్చుకునే ఇద్దరిని రైవల్స్ అనేటోళ్లు. వంతు కోసం పొద్దుగాల లేస్తే కొట్లాటనే. గని వాగుల పూడిక పడ్డదనుకో, ఇద్దరు పారలు పట్టుకొని దిగాల్సిందే. ఒక్కలతోని అయ్యే పని కాదది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా కోపానికి కూడా ఆమె తల్లిగారిల్లు వెతికి పెట్టింది.

ఇవన్నీ ఒక ఎత్తు, విశాఖపట్నం టూర్ ఒక ఎత్తు.

సౌమ్య పసితనం నుంచి సముద్రం చూపించమని నన్ను అడిగేది. నేను చూపిస్తానని మాటిచ్చాను. ఎండాకాలం వస్తే మామిడికాయ పచ్చడి, వానాకాలం వస్తే కాలేజీ, ఏదో ఒకటి అడ్డం పడేది. సెకండియర్ పిల్లలను విశాఖకు తీసుకుపోతారని తెలిసి, నా క్లాసు కాకపోయినా పట్టుబట్టి నేనూ బయల్దేరాను. కాజీపేటలో రైలెక్కినప్పటి నుంచి నా మనసులో ఒకటే ఉంది. బీచ్ రోడ్డులో బస్సు దిగగానే సౌమ్య చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నడవాలి. నా బిడ్డ మొదటిసారి సముద్రాన్ని చూసేటప్పుడు దాని ముఖం నేను చూడాలి.

బస్సు ఆగింది. నేను దిగేసరికి పిల్లలంతా ముందుకు ఉరికారు. వాళ్ల ముందు ఆమె. అందరూ సముద్రం వైపు నడుస్తుంటే ఆమె ఒక్కతే సముద్రానికి వీపు పెట్టి, పిల్లల వైపు ముఖం తిప్పి, వెనక్కి వెనక్కి నడుస్తోంది. కొంగు గాలికి తల మీదికి ఎగిరిపడుతోంది. "నన్ను చూడకుండ్రే, నా ఎన్కకు చూడుండ్రి!" అని అరుస్తోంది. మొదటి వరసలో, సరిగ్గా ఆమె ఎదురుగా, సౌమ్య.

నాకు కనిపించింది సౌమ్య జడ. నేను కట్టిన రిబ్బను, కొంచెం వదులైంది. ఆ జడ ఒక్కసారిగా ఆగిపోయింది, అంతే. ముందువైపు ఆ ముఖంలో ఏం జరిగిందో అంతా ఆమె చూసింది. ఆ ముఖం నాకు దక్కాల్సింది. కన్నది నేను, మాటిచ్చింది నేను, రిబ్బను కట్టింది నేను. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఆమెను ఇప్పటికీ క్షమించలేదు.

పిల్లలు ఇసకలో దిగారు. బీచ్ అంటే మొదట గులకరాళ్లని, ఆ తర్వాతే ఆ రాళ్లున్న చోటని ఆమె చెప్పి ఉంది. "మేడం, రాళ్లేయి?" అని ఒక పిల్ల అడిగింది. "వాళ్ల ఒడ్డుకు రాళ్లు, మన ఒడ్డుకు ఇసుక. మాట ఒక్కటే పడవెక్కి వచ్చింది," అంది ఆమె. అందరూ నవ్వుతున్నారు. సౌమ్య నవ్వడం లేదు. నీళ్ల వైపు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కళ్లు తిప్పి ఏదో వెతుకుతోంది.

"మేడం, దీని మత్తడి ఎటు దిక్కున్నది?"

మా వైపు రాజులు చెరువులకే సముద్రమని పేర్లు పెట్టిపోయారు. మా పిల్లలకు పెద్ద నీళ్లంటే చెరువే. చెరువన్నాక కట్ట ఉండాలి, తూము ఉండాలి, నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి మత్తడి ఉండాలి. మత్తడి లేకపోతే కట్ట తెగుతుంది. ఇన్ని నీళ్లు చూసి మా వరంగల్ పిల్లకు మొదట వచ్చిన భయం అది.

కాలేజీ పనిలో ఉన్నప్పుడు సౌమ్య నన్నూ మేడం అనే పిలిచేది. నన్నే అడిగిందనుకున్నాను. "సముద్రానికి మత్తడి ఉండదు బిడ్డా. ఆటుపోట్లు ఉంటయ్, అంతే," అని చెప్పాను. సౌమ్య నా వైపు చూడలేదు. ఆమె వైపే చూస్తోంది.

"ఉంటది," అంది ఆమె. చెయ్యెత్తి ఆకాశం చూపించింది. "పైకి దుంకుతది. ఎండకు దుంకి, మబ్బయి, మన దిక్కొచ్చి పడుతది. మొన్న మన వడ్డేపల్లి చెరువుల పడ్డయ్ చూడు, గవి గీ నీళ్లే."

సౌమ్య తల వెనక్కి వాల్చి ఆకాశం చూసింది. తర్వాత నిశ్చింతగా నీళ్లలోకి దిగింది.

నేను చెప్పింది తప్పా? ఏ పుస్తకమైనా తెరిచి చూసుకోండి. అది సరైన జవాబు. కానీ నా జవాబు విని నా బిడ్డ ఒడ్డునే నిలబడింది, ఆమె జవాబు విని నీళ్లలో కాలు పెట్టింది.

తిరిగొచ్చాక చాలా రోజులు ఓపిక పట్టి, ఒకరోజు స్టాఫ్‌రూంలో ఎవరూ లేనప్పుడు, వేరే ఏదో మాట్లాడుతున్నట్టు అడిగాను. "సముద్రం చూడంగనే మా సౌమ్య ముఖం ఎట్లున్నది మేడం?"

ఆమె పల్లీలు నలుస్తున్న చెయ్యి ఆపింది. "చెప్పొస్తలేదు మేడం. నాకు మాట దొరుకుతలేదు," అంది.

అన్ని మాటల తల్లిగారిళ్లు తెలిసిన మనిషికి మాట దొరకలేదట! దాచుకుందనే నా అనుమానం.

పోయిన వారం సెలవు పెట్టి పరకాలలో తమ్ముడింటికి వెళ్లింది. అక్కడే గుండెపోటు వచ్చి పోయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న సౌమ్య తెల్లారేసరికి బస్సు దిగి మా గేటు తీసింది. నేను వాకిట్లో ఉన్నాను. బ్యాగు అక్కడే పడేసి, నా మెడ పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నా జాకెట్టు భుజం తడిసిపోయింది. "ఊకో బిడ్డా" అంటూ వీపు నిమిరాను. చెయ్యి నిమురుతూనే ఉంది, మనసు మాత్రం లెక్కలు కడుతోంది. ఇంత ఏడుపా? ఆమె కోసమా? నాకు టైఫాయిడ్ వచ్చి దవాఖానలో ఉన్నప్పుడు ఈ పిల్ల ఇంత ఏడ్చిందా?

ఇద్దరం పరకాల వెళ్లాం. వాకిలి నిండా ఆడపిల్లలు, పిల్లల తల్లులైనవాళ్లు కూడా. ఎవరో ఎవరికో ఏదో చెబుతూ చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకోవడం, ఇద్దరూ ఏడవడం. నేను దండం పెట్టుకుని, పూలు వేసి, ఒక మూల నిలబడ్డాను. నాకు కన్నీళ్లు రాలేదు. అందరూ చూస్తున్నారేమో అని కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో సౌమ్య కిటికీ పక్కన కూర్చుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. పరకాల దాటిందో లేదో, ఇక నా వశం కాలేదు.

"నేను పోతే గూడ ఇట్లనే ఏడుస్తవా?" అన్నాను.

అన్నాక సిగ్గనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. నాకు జవాబు కావాలి.

సౌమ్య తల తిప్పి నన్ను చూసింది. "ఇట్ల ఎట్ల ఏడుస్తనమ్మా?" అంది.

ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

"మేడం పోయిందని తెల్వంగనే నాకు అమ్మ దగ్గరికి పోవాలె అనిపించింది. మా దోస్తులందరు బస్టాండ్ల జీపు మాట్లాడుకొని సీదా పరకాలకే పోయిన్రు. నన్ను గూడ రమ్మన్నరు. నేను ఎక్కలే. నీ దగ్గరికొచ్చి ఏడ్చిన." చున్నీతో తన ముఖం తుడుచుకుంటూ అంది, "నువ్వు పోతే నేను ఎవరి దగ్గరికి పోయి ఏడ్వాలె?"

బస్సు పత్తి చేల మధ్య నుంచి పోతోంది. కండక్టర్ ఎవరితోనో చిల్లర కోసం గొడవ పడుతున్నాడు. నా లోపల ఇన్నేళ్లుగా ఎండిన చోట నీళ్లు పడ్డట్టయింది. వెంటనే నాకు ఒకటే ఆరాటం. రేపు కాలేజీకి పోగానే, బ్యాగు కూడా కింద పెట్టకుండా, ఆమె ముందు నిలబడాలి. నా బిడ్డ అన్న ఈ మాట ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఆమెకు చెప్పాలి. చెప్పి, ఆమె ముఖం చూడాలి.

చెబుదామంటే ఆమె లేదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. సౌమ్య భుజం మీద తల వాల్చి, బస్సులో ఎంతమంది చూస్తున్నారో కూడా చూసుకోకుండా, బావురుమని ఏడ్చాను.